పిల్లలతో, పెద్దవాళ్లతో అమెరికా నేషనల్ పార్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి వచ్చిందంటే మా ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంటుంది. "సమ్మర్‌లో అమ్మానాన్నలు వస్తున్నారు, ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుంది?" అని ఒకరు. "చిన్నదానికి రెండేళ్లు, ఎల్లోస్టోన్ మా వల్ల అయ్యే పనేనా?" అని ఇంకొకరు. మేం డాలస్ పక్కన ఉంటాం. పిల్లలు కార్ సీట్లో ఉన్నప్పటి నుంచి ఈ పార్కుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాం. అడిగిన వాళ్లందరికీ చెప్పిందే చెప్పడం కంటే ఒకచోట రాసి పెడితే నయం అనిపించింది. డిస్నీ, యూనివర్సల్ ఇందులో లేవు. వాటి గురించి చెప్పేవాళ్లు ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఉంటారు.

మొదటి ట్రిప్‌కి ఏ పార్కు మంచిది?

మీ ఇంటి నుంచి నాలుగైదు గంటల్లో చేరేది ఏదైనా. పిల్లలు కార్లో ఎంతసేపు కూర్చోగలరు, గుడారం దగ్గర నిద్రపోతారా లేదా, అత్తగారు ఎంత దూరం నడవగలరు అన్నవి తెలియకుండా మొదటిసారే విమానం ఎక్కి ఎల్లోస్టోన్ వెళ్లడం ఖరీదైన ప్రయోగం.

డాలస్ వాళ్లకైతే గంటన్నర, రెండు గంటల దూరంలో గ్లెన్ రోజ్ ఊరి దగ్గర డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్కు ఉంది. అక్కడ పలక్సీ నది అడుగున రాతిలో 11 కోట్ల ఏళ్లనాటి డైనోసార్ పాదముద్రలు ఉంటాయి. ఎండాకాలం చివర్లో నీళ్లు తగ్గాక పిల్లలు ఆ గుంటలో తమ కాలు పెట్టి చూసుకుంటారు. వర్షాలు పడి నీళ్లు మురికిగా ఉంటే మాత్రం ఏమీ కనిపించదు, బయల్దేరే ముందు పార్కుకి ఫోన్ చేయండి. అట్లాంటా, షార్లెట్ వాళ్లకు స్మోకీ మౌంటెన్స్ ఉన్నాయి. వర్జీనియా, మేరీల్యాండ్ వాళ్లకు షెనాండోవా ఉంది. చికాగో వాళ్లకు మిషిగన్ సరస్సు ఒడ్డున ఇండియానా డ్యూన్స్, బే ఏరియా వాళ్లకు యోసెమిటీ. వీటిలో ఒకటి చేసి వచ్చాక మీ కుటుంబం ఎంతవరకు తట్టుకుంటుందో మీకే తెలుస్తుంది.

ఒక వారంలో ఎన్ని పార్కులు చూడొచ్చు?

ఒకటి. పక్కపక్కనే ఉంటే రెండు.

ఈ జవాబు ఎవరికీ నచ్చదు. విమానం టికెట్లకి అంత డబ్బు పోశాక అన్నీ కలిపి కొట్టేద్దాం అనిపిస్తుంది. మేమూ అలాగే చేశాం. లాస్ వేగాస్‌లో దిగి ఆరు రోజుల్లో జాయన్, బ్రైస్, ఆర్చెస్, గ్రాండ్ కాన్యన్ నాలుగూ చుట్టేశాం. ప్రతిరోజూ పొద్దున్నే సామాను సర్దడం, కారెక్కడం, రాత్రి కొత్త హోటల్లో అదే సామాను విప్పడం. తిరిగొచ్చాక మావాణ్ణి ఏం నచ్చింది అని అడిగితే, హోటల్లో వాఫిల్ తిరగేసే మిషన్ అన్నాడు. వాడి తప్పేం లేదు. ఆ ఆరు రోజుల్లో వాడు ఐదు నిమిషాలకు మించి నిలబడి చూసింది అదొక్కటే.

ఆ తర్వాత నుంచి మా ఇంట్లో ఒక లెక్క: ఎక్కడికి వెళ్లినా ఒకే గదిలో కనీసం రెండు రాత్రులు, మధ్యాహ్నం ఒకటి నుంచి మూడు దాకా ఏ ప్రోగ్రామూ పెట్టం. చిన్నదానికి నిద్ర, మా అమ్మకి నడుం వాల్చుకోవడం, రెండూ ఆ టైమ్‌లోనే అయిపోతాయి.

ఎల్లోస్టోన్‌కి ఎన్ని రోజులు కావాలి? ఎక్కడ ఉండాలి?

నాలుగు రాత్రులు పెట్టుకోండి. 1872 మార్చి 1న ఏర్పడిన ఈ పార్కు ప్రపంచంలోనే మొదటి నేషనల్ పార్కు. 22 లక్షల ఎకరాలు, ఎక్కువ భాగం వయోమింగ్‌లో, కొంచెం మోంటానా, ఐడహోల్లో. లోపలి ప్రధాన రోడ్డు ఇంగ్లిష్ ఎనిమిది అంకె ఆకారంలో 142 మైళ్లు ఉంటుంది. మ్యాప్‌లో చూస్తే మూడు గంటల పనే కదా అనిపిస్తుంది. రోడ్డు మధ్యలో బైసన్ (అమెరికా అడవి దున్న) మంద నిలబడితే ముందు కారువాడు ఇంజిన్ ఆపేసి ఫొటోలు తీసుకుంటుంటాడు, మీరేం చేయలేరు. అందుకే బస ఒకేచోట పెట్టుకుంటే రోజూ గంటల తరబడి కార్లోనే గడుస్తుంది. రెండు రాత్రులు పడమటి వైపు, అంటే పార్కు లోపల ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ (నేలలోంచి వేడినీళ్లు ఎగజిమ్మే గీజర్) దగ్గరో, బయట వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్లోనో. ఇంకో రెండు రాత్రులు ఉత్తరాన గార్డినర్‌లో. ఇలా విడగొడితే గీజర్లు ఒకవైపు నుంచి, జంతువులు ఇంకోవైపు నుంచి హాయిగా అవుతాయి.

లోపలి లాడ్జిలు దాదాపు ఏడాది ముందే నిండిపోతాయి. 1904లో దుంగలతో కట్టిన ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్‌లో గది దొరక్కపోయినా లాబీలోకి వెళ్లి తల పైకెత్తి చూసి రండి, అది అందరికీ తెరిచే ఉంటుంది.

విమానానికి మోంటానాలోని బోజ్‌మన్ అనుకూలం. జాక్సన్ హోల్ ఎయిర్‌పోర్టు గ్రాండ్ టీటన్ పార్కు లోపలే ఉంటుంది, దిగగానే కొండలు కనిపిస్తాయి, టికెట్ ధర కూడా ఆ కొండలంతే ఉంటుంది. సాల్ట్ లేక్ సిటీలో దిగి ఐదు గంటలు డ్రైవ్ చేసేవాళ్లే మనవాళ్లలో ఎక్కువ.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర ఎంతసేపు కాచుకోవాలి?

సగటున గంటన్నరకి ఒకసారి ఎగజిమ్ముతుంది. ఒక్కోసారి గంటకే వస్తుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యం. తర్వాతిది సుమారుగా ఎప్పుడో విజిటర్ సెంటర్‌లో రాసి పెడతారు. వేడినీళ్లు వంద నుంచి 180 అడుగుల దాకా లేస్తాయి.

"గీజర్ చూడ్డానికి ఇంత దూరమా? మన బాత్రూంలో లేదూ?" అని మా అమ్మ కారు దిగేదాకా అంటూనే ఉంది. నీళ్లు లేచాక మాత్రం చెయ్యెత్తి దణ్ణం పెట్టుకుంది. నిజానికి ఆ రెంటికీ చుట్టరికం ఉంది. ఐస్‌లాండ్‌లో గెయ్‌సిర్ అనే వేడినీటి బుగ్గ పేరే ఇంగ్లిష్‌లోకి, అక్కణ్ణుంచి మన బాత్రూంలోకి వచ్చింది.

ఇది చూసి వెనక్కి తిరిగేయకండి. అదే చోట చెక్క బాట మీద ఇంకాస్త నడిస్తే బోలెడన్ని బుగ్గలు. గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగుల మడుగు ఉత్తరంగా కొద్ది దూరంలోనే ఉంది. పక్కనుంచి చూస్తే ఆవిరి తప్ప ఏమీ కనబడదు. ఫెయిరీ ఫాల్స్ దారిలో చిన్న గుట్ట మీద ఒక వ్యూ పాయింట్ ఉంది, అక్కడికి ఎక్కితేనే ఆ నీలం, పసుపు, నారింజ రంగులు కళ్లకు దక్కుతాయి. మధ్యాహ్నం ఎండలో వెళ్లండి, పొద్దున్నే చలికి ఆవిరి కమ్మేసి ఉంటుంది.

వేడినీటి గుంటల దగ్గర చిన్నపిల్లలు క్షేమమేనా?

చెయ్యి పట్టుకుంటే క్షేమమే. వదిలితే కాదు. చాలాచోట్ల బాటకు రెయిలింగ్ ఉండదు. బాట పక్కన గట్టినేలలా కనిపించేది పల్చటి పొర, కింద మరిగే నీళ్లు. ఈ పార్కులో వేడినీళ్లలో పడి కాలి చనిపోయినవాళ్లు 20 మందికి పైనే. పరుగెత్తే వయసు పిల్లలుంటే ఒక పెద్దమనిషికి ఒక పిల్ల చొప్పున పంచుకోండి, ఫొటోలు తీసేవాళ్లని ఆ లెక్కలోంచి తీసేయండి.

జంతువుల్ని ఎంత దగ్గర నుంచి చూడొచ్చు?

ఎల్లోస్టోన్‌లో రూలు ఇది: ఎలుగుబంట్లు, తోడేళ్లకి 100 గజాలు, బైసన్, ఎల్క్ (పెద్ద జింక) లాంటి మిగతావాటికి 25 గజాల దూరం. మనవాళ్లు ఎలుగుబంటికి భయపడతారు, బైసన్‌ని మాత్రం ఊళ్లో గేదెలా చూస్తారు. అక్కడ మనుషుల్ని ఎక్కువగా గాయపరిచింది బైసనే. మెల్లగా మేస్తున్నట్టే ఉంటుంది, తిరగబడితే గంటకి 35 మైళ్ల వేగంతో వస్తుంది. ఫోన్ పట్టుకుని "ఇంకొంచెం దగ్గరికి వెళ్లు నాన్నా" అనే తండ్రుల్ని ప్రతిసారీ చూస్తున్నాను.

జంతువులు కనబడాలంటే తెల్లారకముందే లేవాలి. ఈశాన్యంలో లామార్ వ్యాలీ, మధ్యలో హేడెన్ వ్యాలీ మంచి చోట్లు. తోడేళ్లని 1995లో కెనడా నుంచి తెచ్చి మళ్లీ ఈ పార్కులో వదిలారు. లామార్‌లో రోడ్డు పక్కన పెద్ద పెద్ద స్కోపులు (దుర్భిణులు) పెట్టుకుని కూర్చున్నవాళ్లు కనిపిస్తే కారు ఆపి పలకరించండి. అడగకుండానే పిల్లల్ని ఎత్తుకుని మరీ చూపిస్తారు. మా అమ్మాయి మొదటి తోడేలుని అలా ఒక ముసలాయన స్కోపులోనే చూసింది.

గ్రాండ్ కాన్యన్‌కి వేగాస్ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావచ్చా?

ఏ గ్రాండ్ కాన్యన్ అని ముందు తేల్చుకోవాలి. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు.

వేగాస్ నుంచి రెండు, రెండున్నర గంటల్లో వచ్చేది గ్రాండ్ కాన్యన్ వెస్ట్. అద్దాల వంతెన, అంటే స్కైవాక్ ఉన్నది అక్కడే. అది హువాలపాయ్ తెగవారి భూమి, నేషనల్ పార్కు కాదు. వాళ్ల టికెట్లు వేరు, మీ పార్కు పాస్ అక్కడ పనిచేయదు. క్యాలెండర్ బొమ్మల్లో మనం చూసే విశాలమైన లోయ సౌత్ రిమ్, అంటే దక్షిణపు అంచు దగ్గర ఉంటుంది. వేగాస్ నుంచి దాదాపు 280 మైళ్లు, నాలుగున్నర గంటలు. ఒక్కరోజులో వెళ్లి వస్తే తొమ్మిది గంటలు కార్లోనే. పిల్లలతో వద్దు. కనీసం ఒక రాత్రి ఉండండి, అసలు సంగతంతా సూర్యాస్తమయానికీ మర్నాడు సూర్యోదయానికీ మధ్యే ఉంది. మిట్టమధ్యాహ్నం చూస్తే రంగులన్నీ వెలిసిపోయి ఉంటాయి.

సౌత్ రిమ్ ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. కారు విజిటర్ సెంటర్ దగ్గర పెట్టేసి ఉచిత షటిల్ బస్సులు ఎక్కండి. లోయ అంచునే సాగే రిమ్ ట్రెయిల్‌లో చాలా భాగం సిమెంటు బాట, స్ట్రాలర్ కానీ వీల్‌చెయిర్ కానీ సాఫీగా వెళ్తుంది. విలియమ్స్ అనే ఊరి నుంచి పాతకాలపు రైలు కూడా ఉంది, 1901లో మొదలైన లైను అది, మూడేళ్ల పిల్లలకి లోయ కన్నా అదే ఎక్కువ నచ్చుతుంది. కిందికి దిగే బాటల్లో మాత్రం సరదాకి మొదలుపెట్టి దూరం వెళ్లిపోకండి. దిగడానికి పట్టిన టైమ్‌కి రెట్టింపు ఎక్కడానికి పడుతుంది, కిందికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. మన తిరుమల మెట్లకి ఇది తలకిందులు: ముందు దిగుడు, ఒళ్లు అలిసిపోయాక ఎక్కుడు.

నార్త్ రిమ్‌లోని పాత లాడ్జి 2025 జులైలో అడవి మంటల్లో కాలిపోయింది. పాత ఫొటోలు చూసి అక్కడ ప్లాన్ వేసుకుంటే నిరాశే.

అమ్మానాన్నలకు చెప్పాల్సిన విషయం ఇంకోటి ఉంది. ఈ లోయలో గోపురాల్లా లేచిన కొండలకి విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్, రామ ష్రైన్, కృష్ణ ష్రైన్ అని పేర్లున్నాయి. 1880ల్లో ఇక్కడ సర్వే చేసిన భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్‌తో మొదలైన అలవాటు అది. లోయ అట్టడుగున ఉన్న, 170 కోట్ల ఏళ్ల పైబడిన నల్లరాతి పేరు కూడా విష్ణు షిస్ట్. ఏది ఏ కొండో రేంజర్‌ని అడిగితే వేలుపెట్టి చూపిస్తారు. మా నాన్న ఆ సాయంత్రమంతా హైదరాబాద్‌కి ఫోన్లు చేసి ఇదే చెప్పారు.

అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులు. నడవకుండా చూసేవి ఏమున్నాయి?

చాలానే ఉన్నాయి. షెనాండోవాలో స్కైలైన్ డ్రైవ్ అని 105 మైళ్ల రోడ్డు కొండ శిఖరాల వెంట పోతుంది. వేగం 35 మైళ్లకి మించకూడదు, మించాలనీ అనిపించదు. అక్టోబర్‌లో ఆకులు రంగు మారినప్పుడు కిటికీ దగ్గర కూర్చుంటే చాలు. స్మోకీస్‌లో కేడ్స్ కోవ్ 11 మైళ్ల లూప్ కూడా కార్లోంచే చూడొచ్చు. మే నుంచి సెప్టెంబర్ దాకా బుధవారాలు అక్కడ కార్లకు ప్రవేశం లేదు, ఆ రోజు తప్ప వెళ్లండి.

నా ఓటు మాత్రం న్యూ మెక్సికోలో కార్ల్స్‌బాడ్ కేవర్న్స్‌కి. లిఫ్టు ఎక్కితే 750 అడుగులు కిందికి తీసుకెళ్లి గుహలో వదులుతుంది. అక్కణ్ణుంచి బిగ్ రూమ్ చుట్టూ బాట ఉంది, అంతా నడవక్కర్లేదు, సగంలో వెనక్కి వచ్చేయొచ్చు. లోపల ఎప్పుడూ 56 డిగ్రీల ఫారెన్‌హీట్, పెద్దవాళ్లకి స్వెటర్ ఉండాలి. బొర్రా గుహలు, బెలూం గుహలు చూసినవాళ్లు పోలికలు మొదలుపెడతారు, పెట్టనివ్వండి. ముందుగా టైమ్ రిజర్వేషన్ తీసుకోవడం మర్చిపోవద్దు. మే చివరి నుంచి అక్టోబర్ దాకా సాయంత్రం అయితే గుహలోంచి వేల గబ్బిలాలు సుడిగా బయటికొస్తాయి, దానికి టికెట్ లేదు.

పాస్ ఏది కొనాలి?

ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ లాంటి పెద్ద పార్కుల్లో కారుకి ఏడు రోజులకి 35 డాలర్లు. అమెరికాలో ఉండేవాళ్లకి అన్ని నేషనల్ పార్కుల్లోనూ పనిచేసే యాన్యువల్ పాస్ 80 డాలర్లు. ఏడాదిలో మూడు పార్కులు చూస్తే పాస్ డబ్బు వచ్చేసినట్టే. పాస్‌తో పాటు ఫొటో ఐడీ చూపించాలి.

ఇంట్లో నాలుగో క్లాసు పిల్లలుంటే ఆగండి! ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్ అనే పథకం కింద ఆ స్కూల్ సంవత్సరమంతా, సెప్టెంబర్ నుంచి తర్వాతి ఆగస్టు దాకా, వాళ్ల పాస్‌తో కారులో ఉన్న కుటుంబం మొత్తం ఉచితంగా వెళ్లొచ్చు. మా పెద్దవాడు నాలుగు దాటి ఐదులోకి వచ్చాక తెలిసింది మాకు.

62 ఏళ్లు దాటినవాళ్లకి సీనియర్ పాస్ ఉంది కానీ అది సిటిజన్లకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి మాత్రమే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి రాదు. పైగా 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్లకి యాన్యువల్ పాస్ 250 డాలర్లు చేశారు. ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ, జాయన్ సహా 11 పార్కుల్లో, పాస్ లేకుండా వచ్చే 16 ఏళ్లు నిండిన నాన్‌రెసిడెంట్లకి తలకి 100 డాలర్లు అదనం. ఇవి మారుతుండే సంగతులు, మీ ట్రిప్ నాటికి రూలు ఏమిటో పార్కు వెబ్‌సైట్‌లో చూసుకునే బయల్దేరండి. స్మోకీస్‌లో అసలు ప్రవేశ రుసుమే లేదు, 15 నిమిషాలకి మించి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ కొనాలంతే: రోజుకి 5 డాలర్లు, వారానికి 15.

స్మోకీస్‌లో మిణుగురుల షో అంటారు, నిజమేనా?

నిజమే. మే చివర్లో, జూన్ మొదట్లో కొన్ని రాత్రులు ఎల్క్‌మాంట్ దగ్గర వేల మిణుగురులు ఒకేసారి వెలిగి, ఒకేసారి ఆరిపోతాయి. చూడాలంటే లాటరీలో పేరు రావాలి. రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో వసంతకాలంలో పెడతారు. రాకపోతే బాధపడకండి, ఆ కొండల్లో మామూలు మిణుగురులకీ కొదవలేదు.

నయాగరా అమెరికా వైపు నుంచి బాగుంటుందా, కెనడా వైపు వెళ్లాలా?

మొత్తం జలపాతం ఎదురుగా కనబడేది కెనడా వైపు నుంచే, అందులో సందేహం లేదు. కానీ ఇండియన్ పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలి. అమెరికా వీసా ఉంటే చాలదు. అది లేకపోతే అమెరికా వైపే హాయిగా చూడండి, తక్కువేం కాదు. 1885లో మొదలైన ఈ స్టేట్ పార్కులో అడుగు పెట్టడానికి టికెట్ లేదు, పార్కింగ్‌కి మాత్రం కట్టాలి. మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ పడవ జలపాతం కిందిదాకా తీసుకెళ్తుంది, పెద్దవాళ్లు కూడా ఎక్కొచ్చు. జలపాతం దగ్గరికి నడిచి వెళ్లే కేవ్ ఆఫ్ ది విండ్స్‌లో తడి మెట్లు ఎక్కువ, అది పిల్లలకీ మీకూ.

ఒక జాగ్రత్త. రెండు దేశాల్లోనూ ఊరి పేరు నయాగరా ఫాల్సే. జీపీఎస్‌లో న్యూయార్క్ అని చూసి మరీ పెట్టండి. కెనడాలోకి పోయే రెయిన్‌బో బ్రిడ్జి లేన్లోకి వెళ్లిపోయాక వెనక్కి తిప్పుకోవడం కుదరదు, వీసా లేకుండా బోర్డర్ దగ్గర తేలడం అంటే మామూలు టెన్షన్ కాదు.

తిండి ఎలా? శాకాహారులం, పైగా అన్నం లేకపోతే నాన్నగారికి గడవదు.

కిచెన్ ఉన్న హోటల్ పార్కు బయట ఊళ్లో తీసుకోండి. లోపలి లాడ్జి గదుల్లో వంట కుదరదు, అక్కడి క్యాంటీన్లలో శాకాహారం అంటే బర్గర్, సలాడ్, ఫ్రెంచ్ ఫ్రైస్.

ఎల్లోస్టోన్‌లో మామూలు గిన్నెలో అన్నం పెట్టి పలుకు మిగిలిందని బియ్యాన్ని తిట్టకండి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఎత్తు 7,300 అడుగుల పైనే. అక్కడ నీళ్లు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. ఎంతసేపు మరిగినా అంతకు మించి వేడెక్కవు. కందిపప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. చిన్న ప్రెషర్ కుక్కరో ఇన్‌స్టంట్ పాటో పట్టుకెళ్తే గొడవ తీరిపోతుంది.

పగలు బయట తినడానికి మొదటిరోజు పులిహోర, తర్వాత చపాతీలు, కారప్పొడి, పెరుగు. కూలర్ ఒకటి కొని ఐస్ వేసుకుంటూ ఉండండి. లోపల పిక్నిక్ టేబుళ్లు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. నది ఒడ్డున ఆ చల్లగాలికి పెరుగన్నం, మాగాయ తింటుంటే మా నాన్న "ఇది చాలమ్మా, గీజర్లు మీరు చూసి రండి" అన్నారు.

విమానంలో ఆవకాయ సీసా చేతి సంచిలో పెట్టుకుంటే సెక్యూరిటీ దగ్గర పోతుంది, చెకిన్‌లో వేయండి. ఎలుగుబంట్ల కోసం వాడే బేర్ స్ప్రే మాత్రం చెకిన్‌లో కూడా ఒప్పుకోరు, అక్కడికి వెళ్లాకే కొనాలి.

ఊరగాయ వాసనకి ఎలుగుబంటి వస్తుందా?

నవ్వుకుంటాం కానీ వస్తుంది. యోసెమిటీలో కార్ల తలుపులు వంచి తిండి తీసుకెళ్లిన చరిత్ర ఉంది వాటికి. అక్కడ రాత్రిపూట కార్లో తిండి ఉంచకూడదు, ఇనప పెట్టెలు ఇస్తారు. ఆవకాయ, మురుకులు, పిల్లల టూత్‌పేస్ట్, అన్నీ అందులోకే.

ఏ నెలలో ఎక్కడికి?

స్ప్రింగ్ బ్రేక్‌లో ఎల్లోస్టోన్ అనుకోవద్దు. నవంబర్ మొదటి నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా లోపలి రోడ్లు దాదాపు అన్నీ కార్లకి మూసేస్తారు. మార్చిలో న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ బాగుంటుంది. అది మామూలు ఇసుక కాదు, జిప్సం. ఎండలో కూడా కాలదు. ప్లాస్టిక్ పళ్లెం లాంటి స్లెడ్ మీద పిల్లలు దిబ్బల మీంచి జారుతూ సాయంత్రం దాకా ఇంకేం అడగరు. పక్కన మిలిటరీ క్షిపణి పరీక్షల కోసం అప్పుడప్పుడూ రోడ్డు మూస్తారు, పొద్దున్నే వెబ్‌సైట్ చూడండి.

యోసెమిటీ మే, జూన్‌లో. మంచు కరిగి జలపాతాలు హోరెత్తే కాలం అదే. ఆగస్టుకి యోసెమిటీ ఫాల్స్ దాదాపు ఎండిపోతుంది, 2,425 అడుగుల ఎత్తున తడి గోడ చూసి వస్తారు. ఎల్లోస్టోన్‌కి స్కూళ్లు తెరిచాక సెప్టెంబర్ అద్భుతం, అది బడికి వెళ్లని పిల్లలున్నవాళ్ల అదృష్టం.

అరిజోనాలో టైమ్ గొడవ ఏమిటి?

సమ్మర్‌లో అమెరికా గడియారం గంట ముందుకి జరుపుతుంది, అరిజోనా జరపదు. అరిజోనాలో చాలా భాగం ఉన్న నవాజో నేషన్ (నవాజో తెగవారి భూమి) మాత్రం జరుపుతుంది. యాంటిలోప్ కాన్యన్ ఉన్న పేజ్ ఊరు అరిజోనా టైమ్‌లో నడుస్తుంది, మాన్యుమెంట్ వ్యాలీ నవాజో టైమ్‌లో. ఫోన్ ఏ టవర్‌ని పట్టుకుంటే ఆ టైమ్ చూపిస్తుంది. మేం ఫ్లాగ్‌స్టాఫ్ ఊళ్లోని అరిజోనా టైమే పట్టుకుని మాన్యుమెంట్ వ్యాలీకి వెళ్తే మా జీప్ టూర్ గంట క్రితమే వెళ్లిపోయింది. డబ్బు తిరిగి రాలేదు, తప్పు మాదే కాబట్టి గట్టిగా అడగలేకపోయాం. బుక్ చేసేటప్పుడే "ఎవరి టైమ్?" అని అడగండి.

ఫోన్ సిగ్నల్ ఉంటుందా?

ఉండదనుకోండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

బాత్రూములు?

చాలా ట్రెయిల్స్ దగ్గర గొయ్యి టాయిలెట్లే, లోపల నీళ్ల కొళాయి ఉండదు. శుభ్రంగానే ఉంటాయి, పేపర్ ఉంటుంది. మనకి అది చాలదు కదా, కార్లో ఒక గ్యాలన్ నీళ్లు, ఒక ఖాళీ సీసా విడిగా పెట్టుకోండి.

వీసా కాగితాలు పట్టుకెళ్లాలా?

పట్టుకెళ్లాలి. వైట్ శాండ్స్, టెక్సస్‌లోని బిగ్ బెండ్ పార్కు చుట్టుపక్కల రోడ్ల మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఉంటాయి, మీరు మెక్సికో దాటకపోయినా ఆపి అడుగుతారు. పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు నమోదు కాగితం), అమ్మానాన్నలవి కూడా, ఒకే ఫైల్లో పెట్టి కారు ముందు పెట్టెలో ఉంచండి.

వేడినీటి మడుగులో, నదిలో చిల్లర వేయొచ్చా? పసుపు కుంకుమ?

వద్దు. మన గోదావరి అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎల్లోస్టోన్‌లో మార్నింగ్ గ్లోరీ అనే నీలం మడుగు జనం వేసిన నాణేలు, చెత్తతో రంగే మారిపోయింది. గుర్తుగా గులకరాళ్లు తెచ్చుకోవడం కూడా నేరమే. పిల్లల జేబులు చూడండి.

పిల్లలకి బోర్ కొట్టకుండా ఏం చేయాలి?

వెళ్లగానే విజిటర్ సెంటర్‌లో జూనియర్ రేంజర్ పుస్తకం అడగండి. చాలా పార్కుల్లో ఉచితం. బొమ్మలు గీయడం, జంతువుల్ని వెతికి టిక్ పెట్టడం, రేంజర్ మాట్లాడే కార్యక్రమానికి హాజరవడం లాంటి పనులుంటాయి. పూర్తిచేసి తెస్తే రేంజర్ ఒక్కొక్కటీ చదివి, ప్రశ్నలడిగి, చెయ్యెత్తించి ప్రమాణం చేయించి బ్యాడ్జి ఇస్తారు. హోంవర్క్ అంటే పారిపోయే మావాడు బ్యాడ్జి కోసం గ్రాండ్ కాన్యన్ అంచున కూర్చుని గంటసేపు రాశాడు. పుస్తకం మీరు పూర్తిచేయకండి, రేంజర్లకి తెలిసిపోతుంది.

ఇంత దూరం తీసుకెళ్తే పిల్లలు హోటల్లో ఈతకొలను చాలంటున్నారు. ఏం చేయాలి?

ఈతకొలను ఉన్న హోటలే తీసుకోండి. సాయంత్రం నాలుగింటికల్లా వెనక్కి వచ్చేసి గంటన్నర వదిలేయండి. తడి తువ్వాళ్లతో, ఆకలితో పైకి వస్తారు, ఎనిమిదింటికల్లా నిద్రపోతారు. మర్నాడు తెల్లారకముందే లామార్ వ్యాలీకి లేపాలి కదా.